పొగ కమ్మిన రోజుల్లో అత్తమ్మతో

నేను కామాటిపురకు కోడలిగా వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. పాలమూరు పక్క మా ఊరి నుంచి రైలెక్కి బొంబాయిలో దిగినప్పటి నుంచి నేను ఒంటరిగా నడిచిన దూరం ఎంతంటే, మా ఖోలీ గడప నుంచి గదుల ముందున్న పొడుగాటి గ్యాలరీ చివర ఉన్న నల్లా వరకే. ఖోలీ అంటే ఒకటే గది. ఒక మూల స్టవ్వు, ఒక మూల స్నానానికి, అంట్లకు మోరీ, మధ్యలో పాత చీరతో కట్టిన తెర. తెరకు అటు అత్తమ్మ, ఇటు మేమిద్దరం.

అత్తమ్మ ముప్పై ఏళ్ళు తలమీద ఇసుక, సున్నం, సిమెంటు మోసిన మనిషి. మామ పోయాక ఒక్క కొడుకును ఆ గంపతోనే పెంచింది. నేను వచ్చేసరికి పని మానేసి ఏడాదైంది. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేస్తే దగ్గు. నాతో ఎక్కువ మాట్లాడేది కాదు. కోపం ఉండి కాదు, నా మీద ఇంకా గురి కుదరలేదు. బజారుకు తనే పోయేది. గ్యాలరీలో నేను కాసేపు నిలబడితే లోపలికి రమ్మనేది. మా పక్క గల్లీలోనే ఆ ఇళ్ళు ఉండేవి. అక్కడి ఆడవాళ్ళు సాయంత్రం ముస్తాబై గుమ్మాల్లో నిలబడేవాళ్ళు. అటు చూడొద్దని వచ్చిన మొదటి రోజే చెప్పింది. నాకు హిందీ ఒక్క ముక్క రాదు, మరాఠీ సంగతి సరేసరి. ఉల్లిగడ్డను కాందా అనాలని, బెల్లాన్ని గుళ్ అనాలని ఆమె నేర్పుతుంటే నేను మళ్ళీ మర్చిపోయేదాన్ని.

మా ఆయనది ఫర్షి పని, ఇళ్ళల్లో రాళ్ళు పరవడం. ఆ వారం కళ్యాణ్ అవతల ఎక్కడో పని దొరికి, అక్కడే పడుకుని శనివారం వస్తానని వెళ్ళాడు.

అది చలికాలం. బుధవారం పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడితే ఎంతకీ తెల్లారలేదు. మబ్బు పట్టిందేమో అనుకున్నాం. కానీ గాలిలో కట్టె కాలిన వాసన. కింద నుంచి పాలు తెచ్చిన పక్కింటావిడ చెప్పింది, రేవు వైపు కట్టె గోదాములు అంటుకున్నాయట, దుంగలు దుంగలుగా తగలబడుతున్నాయట, ఎంత నీళ్ళు కొట్టినా ఆరడం లేదట.

పది గంటలయ్యేసరికి ఆకాశం రాగి చెంబు రంగుకు తిరిగింది. కింద దుకాణాల్లో లైట్లు వేశారు. సూర్యుడు పొగ వెనక ఎర్రగా, గుండ్రంగా, కాంతి లేకుండా ఉన్నాడు. నేను కన్నార్పకుండా అలాగే చూస్తూ నిలబడ్డాను. ఎదురు గోడ, దండెం మీది చీరలు, నా చేతులు, అన్నీ ఆ ఎరుపులోనే. బూడిద రేకులు మెల్లగా దిగి బట్టల మీద వాలుతున్నాయి. ఈసారి అత్తమ్మ నన్ను లోపలికి రమ్మనలేదు. తనే వచ్చి నా పక్కన నిలబడింది. ఇన్నేళ్ళలో ఇట్లాంటి పొద్దును చూడలేదని, అయినా సిమెంటు పనిలో ఒక్క రోజు మింగిన దుమ్ము ముందు ఇదెంత అని నవ్వింది. మధ్యాహ్నానికి సముద్రం గాలి తిరిగి పొగ వెనక్కి పోయింది. ఇక అయిపోయిందనుకున్నాం.

గురువారం పొద్దున పొగ ఇంకా చిక్కగా దిగింది. నేను లేచేసరికి అత్తమ్మ కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో ఈల. పెదాలు నల్లబడ్డాయి. మాట్లాడబోతే మాట రాలేదు. కిటికీ మూశాను, తడిబట్ట కట్టాను, వేడినీళ్ళు తాగించాను. ఏం చేసినా ఆ ఈల తగ్గలేదు.

గల్లీ మొదట్లో ఒక ముసలి డాక్టరు ఉండేవాడు. వంద అడుగుల దూరం. ఆమెను నడిపించుకుంటూ పోవడానికి అరగంట పట్టింది. ఆయన సూది వేసి, గోళీలిచ్చి, మరాఠీలో ఏదో చెప్పాడు. నా మొహం చూసి అర్థం కాలేదని తెలిసి, పడమటి వైపు చెయ్యి చాపి, గట్టిగా గాలి పీల్చి చూపించాడు. సముందర్ అన్నాడు. ఆ ఒక్క మాట నాకు తెలిసింది. తగ్గకపోతే పెద్ద దవాఖానకు పొమ్మన్నాడని అత్తమ్మ ఆగి ఆగి చెప్పి, అక్కడికి మాత్రం వద్దని తల అడ్డంగా ఊపింది. మామ లోపలికి పోయి మళ్ళీ రానిది అక్కడి నుంచే.

పడమటి ఒడ్డున వర్లిలో అత్తమ్మ చెల్లెలు ఉంది. నా పెళ్ళిలో చూశాను, చిన్నత్త. వాళ్ళ చాల్, మాలాంటి ఖోలీల బిల్డింగే, సముద్రానికి దగ్గరని విన్నాను. అక్కడికి పోదామన్నాను. అత్తమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నీతోని కాదు పిల్లా."

"ఐతది అత్తమ్మ" అన్నాను. ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

పక్కింటావిడకు తాళంచెవి ఇచ్చి, మా ఆయనకు చెప్పమని చెప్పి రోడ్డు మీదికి వచ్చాం. పట్టపగలు మోటార్లన్నీ లైట్లు వేసుకుని పోతున్నాయి. టాక్సీకి చెయ్యెత్తితే ఒక్కటీ ఆగడం లేదు. ఆగినా ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. అత్తమ్మ బరువంతా నా భుజం మీద ఉంది. నాకు ఏడుపు వస్తోంది.

అప్పుడు ఎదుటి గుమ్మంలో మొహం కడుక్కుంటున్న ఒకామె మమ్మల్ని చూసింది. ఆ ఇళ్ళలో మనిషే. పౌడరు లేదు, పూలు లేవు, జుట్టు ముడేసుకుని ఉంది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో. రోడ్డు దాటి వచ్చి, "యాడికి పోవాలె చెల్లే?" అని తెలుగులో అడిగింది. నా ఊరి మాట. ఆ మాట వినగానే ఆపుకున్న ఏడుపు బయటికి వచ్చేసింది. ఆమె నన్ను ఓదార్చలేదు. తిన్నగా రోడ్డు మధ్యకు పోయి వస్తున్న టాక్సీకి అడ్డంగా నిలబడింది. డ్రైవరుతో హిందీలో గట్టిగా మాట్లాడి తలుపు తీసి, అత్తమ్మను ఎత్తినట్టుగా లోపల కూర్చోబెట్టింది. తన భుజం మీది తువ్వాలను గుమ్మంలోని బకెట్లో ముంచి తెచ్చి ముక్కుకు పట్టుకోమంది. అత్తమ్మ ఆ తువ్వాలతో పాటు ఆమె మణికట్టును కూడా పట్టుకుంది. కాసేపు వదల్లేదు.

"సముద్రం కనబడేదాంక ఆపొద్దని చెప్పిన. నువ్వు భయపడకు" అని నాతో అని, ఆమె తలుపు మూసింది.

దారంతా అదే ఎర్రటి చీకటి. ముక్కుకు రుమాళ్ళు కట్టుకున్న జనం, మూతబడ్డ మిల్లులు. అత్తమ్మ తల నా భుజానికి ఆనించి కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు మళ్ళీ తెరవదేమోనని నాకు భయం పట్టుకుంది. మాట్లాడుతూ ఉంటే మెలకువగా ఉంటుందనిపించి మొదలుపెట్టాను. ఏం చెప్పాలో తెలియక మా ఊరి సంగతులు చెప్పాను. మా అమ్మ పల్లికాయలు ఏరే చేను, మా నాయన కోపం, నేను కాసిన మేకలు. అందులో ఒక తెల్ల మేక నేను తప్ప ఇంకెవరు పిలిచినా వచ్చేది కాదని, నా పెళ్ళినాడు అది తాడు తెంపుకుని పోయిందని. ఆమె ఒక్కసారి కూడా ఊ కొట్టలేదు. నేను చెబుతూనే ఉన్నాను.

సముద్రం ఒడ్డున గట్టు దగ్గర టాక్సీ దించేసింది. సముద్రాన్ని చూడటం నాకు అదే మొదలు. కానీ అక్కడ కూడా పొగే ఉంది. నీళ్ళు మట్టి రంగులో కదలకుండా ఉన్నాయి, సూర్యుడు అక్కడ కూడా ఎర్రగానే ఉన్నాడు. ఇంత దూరం లాక్కొచ్చి ఏం చేశానా అనుకుంటూ ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి, వెనక నుంచి పట్టుకుని కూర్చున్నాను. చిన్నత్త ఇల్లు వెతకడానికి ఆమెను ఒక్కదాన్ని వదిలి పోలేను. అలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు.

మధ్యాహ్నం దాటాక ముందు నా నుదుటి మీది వెంట్రుకలు కదిలాయి. తర్వాత అత్తమ్మ కొంగు కదిలింది. సముద్రం మీంచి చల్లగా, ఉప్పగా గాలి మొదలైంది. పొగ మెల్లమెల్లగా మా తలల మీంచి ఊరి వైపు జరిగింది. నీళ్ళ చివర ముందు సన్నగా, తర్వాత వెడల్పుగా నీలం కనబడింది. అత్తమ్మ నోరు తెరిచి ఆ గాలి తాగింది. ఒకసారి, రెండోసారి, చాలాసార్లు. ఈల తగ్గుతూ వచ్చింది. పెదాలకు రంగు వచ్చింది. నేను ఆమె వీపు రాస్తూనే ఉన్నాను.

చాలాసేపటికి ఆమె మాట్లాడింది.

"బిడ్డా, మరి ఆ తెల్ల మేక దొరికిందా?"

అప్పటిదాకా నన్ను పిల్లా అనేది. దొరకలేదని తల అడ్డంగా ఊపాను. అయ్యో అంది. కాసేపటికి తనే వెనక్కి తిరిగి, రోడ్డుకు అవతల ఉన్న ఒక ఎత్తు బిల్డింగును చూపించింది. మూడో అంతస్తు దాకా దానికి ఇసుక మోసింది తనేనట. అప్పుడు మా ఆయన కడుపులో ఉన్నాడట. పైకెక్కినప్పుడల్లా గంప దించి ఒక్క నిమిషం ఈ సముద్రాన్ని చూసేదట, పని చేయించే ముకద్దం తిట్టేవాడట. ఇవన్నీ కొడుక్కు ఎప్పుడూ చెప్పలేదంది.

ఎండ దిగేలోపు, మెల్లగా అడుగుతూ చిన్నత్త చాల్ చేరాం. అక్కడే రెండు రోజులున్నాం. చిన్నత్త జొన్నరొట్టెలు చేస్తే నేను పక్కన కూర్చుని ముక్కలు తుంచి పాలల్లో నానబెట్టి అత్తమ్మకు పెట్టేదాన్ని. పొద్దున పూట కిటికీలకు తడి గోనెలు కట్టేవాళ్ళం. మధ్యాహ్నం గాలి తిరగగానే ఆమెను గట్టు దాకా నడిపించేదాన్ని. శనివారానికి మంటలు ఆరాయి, ఆకాశం మామూలుగా తెల్లారింది.

ఆ సాయంత్రం మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇంటికి తాళం చూసి, సంగతి విని, అటు నుంచి అటే వచ్చాడట. తల్లిని చూసి నెమ్మదించాక కోపమంతా నా మీదికి మళ్ళింది. దారి తెలియదు, భాష తెలియదు, అమ్మకు ఏమన్నా అయితే ఎవరికి చెప్పేదానివని అరిచాడు. నేను తల దించుకున్నాను.

"దాన్నేమనకు" అంది అత్తమ్మ. "నువ్వు లేవు. ఊపిరి లేదు. అది ఉండె."

అతను బయటికి పోయి కాసేపు నిలబడి వచ్చి, నా పక్కన కూర్చున్నాడు.

ఆదివారం ఖోలీ తలుపు తీస్తే గిన్నెల మీద, పరుపుల మీద, దేవుడి పటం మీద వేలెడు బూడిద. నేను కడుగుతుంటే అత్తమ్మ కూర్చునే గుడ్డలు పిండి ఇచ్చింది. మరునాడు సర్వపిండి చేయించి, డబ్బాలో పెట్టించి, నన్ను వెంటబెట్టుకుని ఆ గుమ్మానికి పోయింది. నన్ను అటు చూడొద్దన్న మనిషే. టాక్సీ ఆపినామె డబ్బాను రెండు చేతులా అందుకుంది. అత్తమ్మ ఏ ఊరని అడిగితే చెప్పింది, మా ఊరికి నాలుగు ఊళ్ళ అవతల. ఆ తర్వాత ఎప్పుడు ఎదురైనా రోడ్డుకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. రెండేళ్ళ తర్వాత ఆమె కనబడటం మానేసింది. ఎక్కడికి పోయిందని అత్తమ్మ అడిగింది. ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

బజారు పని అత్తమ్మ నాకే వదిలేసింది. హిందీ వచ్చింది, మరాఠీ వచ్చింది, నాకు పిల్లలు పుట్టారు. ఆమె ఇంకో ఎనిమిది చలికాలాలు చూసింది. చివరి ఏడాది మంచం దిగలేకపోయింది. తల దువ్వడం, నీళ్ళు పోయడం, అన్నీ నా చేతి మీదే జరగాలనేది. చూడటానికి వచ్చినవాళ్ళు కూతురా అని అడిగితే ఆమెకు నచ్చేది కాదు.

"కూతురైతే ఎప్పుడో ఎవరింటికో తోలేస్తుంటి" అనేది. "ఇది కోడలు. నాతోనే ఉంటది."