ఎదురుగాలిలో వంతు

మా బాపు ఆయాసం వస్తే చెప్పడు. మా ఇంట్లో అసలు జబ్బు అదే. ఊపిరితిత్తులకు మందులున్నాయి గానీ ఈ మొండితనానికి మెదక్‌లోనే కాదు, హైదరాబాద్‌లోనూ మందు లేదు. కిందటి వానాకాలం ఒకరోజు స్నానాల గదిలో గోడకు ఆనుకుని, పెదాలు నల్లబడి కనిపించాడు. ఎంతసేపటి నుంచి ఇట్లా ఉన్నావని అరిస్తే, "ఏం గాలే, జర నిలవడ్డ" అన్నాడు. దాచిపెడితే ప్రాణం మీదికొస్తుందని, ఆయాసం మొదలవగానే చెప్పాలని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. బుద్ధిమంతుడిలా తలూపి వచ్చాడు. ఆ తర్వాతా చెప్పలేదు.

చలికాలం తెల్లారేసరికి పోచారం చెరువు వైపు నుంచి బాతుల గుంపులు మా డాబా మీదుగా పొలాలకు పోతుంటాయి. తల మీద రెండు నల్లచారలుండే బాతులు, హిమాలయాలు దాటి వచ్చేవి. ఒకరోజు డాబా మీద చాయ్ తాగుతూ బాపు అడిగాడు: "గవి గట్ల ఏటవాలుగ వరస కట్టి ఎందుకు పోతయ్ బిడ్డా?"

హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, నన్నా అడిగేది! రెక్క కొట్టినప్పుడు దాని వెనక గాలి కిందికి పోతుందనీ, రెక్క కొసకు అవతల మాత్రం పైకి లేస్తుందనీ, వెనక వచ్చేది సరిగ్గా ఆ లేచే గాలిలో తన రెక్క పెట్టుకుంటుందనీ, అందువల్ల దానికి కొంత శ్రమ తగ్గుతుందనీ చెప్పాను. అన్నిటికంటే ముందున్నదానికి ఆ సుఖం లేదు, అందుకే వంతులు మారుతుంటాయి అని ముగించాను.

బాపు నవ్వాడు. "గింతేనా! మేం అయిదుగురం పాల క్యాన్లు ఏస్కొని గట్లనే వస్తుంటిమి గద."

నిజమే, ఆయన ఏళ్ల తరబడి శంకరంపేట వైపు నుంచి సైకిల్ మీద మెదక్‌కు పాలు తెచ్చిన మనిషి. ఎదురుగాలి ఉంటే ఒకడు ముందు, మిగతావాళ్లు కాస్త పక్కగా వెనక. కల్వర్టు వచ్చినప్పుడల్లా ముందువాడు మారతాడట.

"అది వేరు బాపూ. మీరు గాలికి చాటు చేసుకున్నరు, అవి లేచే గాలిని ఎక్కుతున్నయ్."

"ఎన్నడన్న తొక్కినవా ఎదురుగాలిల?"

"లేదు."

"మరి?"

నాకు ఒళ్లు మండింది. చదునైన రోడ్డు మీద మెల్లగా తొక్కవచ్చని డాక్టరమ్మ చెప్పే ఉంది. సరే, ఆదివారం పోదామన్నాను.

నా కూతురి సైకిల్ మీద నేను, తన పాత సైకిల్ మీద ఆయన, పోచారం రోడ్డు పట్టుకున్నాం. నాలుగు కిలోమీటర్లు ఇట్టే పోయాయి. ఈ వయసులో నాకింత సత్తా ఉందా అని తెగ మురిసిపోయాను. వెనక్కి తిప్పాక తెలిసింది అసలు సంగతి. చల్లటి గాలి చెంపమీద కొట్టినట్టు కొట్టింది. వచ్చేటప్పుడు అదే మమ్మల్ని తోసుకొచ్చింది. సైన్సు టీచర్ని, గాలి ఎటు వీస్తుందో చూసుకోలేదు! ఇప్పుడు ఆ ఊపిరితిత్తులతో ఈయన నాలుగు కిలోమీటర్లు ఎట్లా వస్తాడు?

"ఆటో పిలుస్త బాపూ."

"పరేషాన్ గాకు. నువ్వు ముందటికి నడువు, నేను నీ ఎన్కనే వస్త. గట్టిగ మాత్రం తొక్కకు, తెగిపోత."

తెగిపోవడమంటే ఇద్దరి నడుమ ఎడం పెరిగి గాలి దూరడం. నేను కాస్త జోరు చేస్తే చాలు, "తెగుతున్న!" అని వెనక నుంచి కేక. కనిపించని మనిషి కోసం ఒకే తీరున తొక్కడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"అలిసినంక చెప్పాలె బిడ్డా. చెప్పకుంట ముందట ఉన్నోడు అందర్ని ఆగం జేస్తడు. చెప్తె నామోషి గాదు."

ఎవరు చెబుతున్నారో చూడండి! తిడదామంటే నాకు ఊపిరి ఆడలేదు.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి అరుపులు వినిపించాయి. బాతులు! మాలాగే ఎదురుగాలికి పోతూ కరెంటు తీగలకు కాస్త పైనే వచ్చాయి, ఇరవైకి పైగా. రెక్కల చప్పుడు కూడా వినిపించింది. ఒకదాని తర్వాత ఒకటిగా రెక్కలు లేస్తుంటే, ఆ కదలిక వరస మొదటి నుంచి చివరిదాకా పాకిపోతోంది. మేం చూస్తుండగానే ముందున్నది మెల్లగా పక్కకు జరిగి, వరస వెంబడి వెనక్కి వచ్చి కొసకు చేరింది. దాని చోటుకు ఇంకొకటి వచ్చింది. ఒక్క క్షణం కూడా వరస చెదరలేదు. ఇన్నేళ్లు బోర్డు మీద సుద్దముక్కతో గీసింది ఇదా! ఒళ్లంతా జలదరించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత పెద్ద మంచుకొండలను కూడా ఇవి ఇట్లాగే దాటి ఉంటాయి, ఒకటి అలిసి, ఇంకొకటి ముందుకొచ్చి.

కల్వర్టు వచ్చేసరికి నా కాళ్లు సచ్చుబడ్డాయి. నేను నోరు తెరిచేలోపే బాపు పక్కనుంచి ముందుకు పోయాడు.

"వద్దు బాపూ!"

వినలేదు. మరుక్షణం నా ముఖం మీద గాలి తగ్గిపోయింది. ఆ బక్క వీపు అంత గాలిని ఆపుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. వెంటనే ఆయన్ను దాటిపోవాల్సింది. కానీ సిగ్గులేని కాళ్లు ఆ సుఖానికి అలవాటు పడ్డాయి.

కాసేపటికి ఆయన ఊపిరిలో ఈల వినిపించడం మొదలైంది. ఇంకో కల్వర్టు చాలా దూరం ఉంది. చెప్పు బాపూ, చెప్పు అని లోలోపల మొక్కుకున్నాను. నా అంతట నేను ముందుకు పోతే పంతానికి ఇంకా గట్టిగా తొక్కుతాడు, నాకు తెలుసు. ఈల పెరిగింది.

అప్పుడు ఆయన సైకిల్ పక్కకు జరిగింది.

"అలిసిన బిడ్డా. నువ్వు ముందటికి పో."

నలభై ఏళ్లు దాటాయి నాకు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నేను ముందుకు పోయాను. గాలి మళ్లీ ముఖానికి కొట్టింది.

"జర మెల్లగ" అన్నాడు వెనక నుంచి.

మెల్లగా తొక్కాను.