సెట్ చేసే ఆరోగ్యం

చాట్రాయి వైపు మామిడి తోటల్లో బోరు మొరాయిస్తే ముందు ఫోన్ వెళ్ళేది మెకానిక్ ఆరోగ్యానికే. "కాస్త వచ్చి సెట్ చేసి పెట్టు" అంటారు. మోటారు సెట్టూ, చర్చిలో మైకు సెట్టూ ముప్పై ఏళ్ళుగా అతని చేతి మీదే నడుస్తున్నాయి. అక్కడ పిందె నిలిచినా సెట్టయిందంటారు, సంబంధం కుదిరినా సెట్టయిందంటారు. భార్య సుసన్నా పెట్టుడు పళ్ళు కూడా సెట్టే. ఎన్ని మాత్రలు మింగినా సెట్టు కానిది అతని నడుమొక్కటే.

ఆ ఏడు గుడ్ ఫ్రైడేనాడు మధ్యాహ్నం పన్నెండింటికి మొదలయ్యే ఆరాధనలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో ఐదోదాని మీద వాక్యం చెప్పమన్నారు అతన్ని. అది 'దప్పిగొనుచున్నాను' అన్న దాహం మాట. ఐదో తరగతితో చదువాగిన మనిషిని అంతకుముందెవరూ అడగలేదు. పది రోజులు దాన్ని బట్టీపట్టి సుసన్నాకి అప్పజెప్పాడు.

తీరా శుక్రవారం పొద్దున్నే తోట రైతు బసవపున్నారావు గారు గుమ్మంలో నిలబడ్డారు. మోటారు ఆగి రెండు రోజులైందట, సెట్టయిన పిందె రాలిపోతోందట.

"ఇవాళ చర్చిలో నా వంతుందండీ," అన్నాడు ఆరోగ్యం నీరసంగా.

"తెలుసయ్యా. అందుకే నిన్న ఇంకొకణ్ణి పిలిచా. వాడి వల్ల కాలేదు."

సుసన్నా పనిముట్ల సంచి తెచ్చి చేతికిచ్చింది.

పైపులు పైకి లాగేసరికి పదకొండు దాటింది. లోపల కేబుల్ అతుకు కాలిపోయింది. మొదట వేసిన అతుకు నిలవలేదు. మళ్ళీ వేశాడు. నీళ్ళు పడేసరికి రెండైంది. అతను ఉపవాసమని పున్నారావు గారి భార్య సీతారావమ్మ గారు టీ తేలేదు. సబ్బూ, ఉతికిన తుండుగుడ్డా పట్టుకుని నిలబడ్డారు. పున్నారావు గారే బండి మీద చర్చి దాకా దింపారు.

గుమ్మంలోకి వచ్చేసరికి మైకులో సుసన్నా గొంతు వినిపించింది. అతను అప్పజెప్పినదే చెబుతోంది, అతను తడబడే చోట తనూ తడబడుతూ. అతన్ని చూసి ఆగి, మైకు దగ్గర్నుంచి పక్కకి జరిగింది. అందరూ వెనక్కి తిరిగారు.

ఆరోగ్యం ఒక్క అడుగు వేశాడు. నడుము పట్టేసింది.

"నువ్వే కానీయ్," అన్నాడు.

గోడకానుకుని కూర్చున్నాడు. తన మాటలే ఆమె నోట వింటుంటే కళ్ళు మూతలు పడ్డాయి. ఆరో మాట మొదలైనా ఎవరూ లేపలేదు.