జానెడు దూరంలో ఫ్యూజు

కార్లకు స్టీరియోలు బిగించే ఆ మెకానిక్ పాట వినడు. బ్యాటరీ నుంచి డిక్కీలోని ఆంప్లిఫయర్ దాకా లాగిన ఎర్ర వైరును వేళ్లతో తడుముకుంటూ పోతాడు. చివరికి బానెట్‌లోకి వంగి వాసన పీలుస్తాడు. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు వేయకుండా ఏ బండినీ వదలడు. ఒక్క బండిని వదిలాడు. అది సొంత అక్కాబావలది. ఆ రోజు షాపులో పెద్ద ఫ్యూజులు అయిపోయాయి, వాళ్లేమో ప్రయాణం తొందరలో ఉన్నారు. "రేపు వేస్తాలే బావా" అంటూ వైరును నేరుగా కలిపేశాడు. దారిలో ఇనుప రేకు అంచుకు వైరు తొడుగు ఒరుసుకుపోయి, కరెంటును తెంచే ఫ్యూజు లేక బండి అంటుకుంది. అక్క సీటు బెల్టు ఊడిరాలేదు. కాలిన చేతులతో బావ ఒక్కడే బయటపడ్డాడు. ఇప్పుడాయన రోజూ వచ్చి షాపు గుమ్మంలో స్టూలు మీద కూర్చుంటాడు. ఇద్దరూ ఆ ఊసెత్తరు.

మొన్న మళ్లీ ఫ్యూజులు అయిపోయాయి. బండి కోసం కాచుకున్న ఒకాయన విసుక్కున్నాడు. "పాట వస్తోందిగా, ఇచ్చెయ్యవయ్యా. ఫ్యూజు రేపు వేయించుకుంటాలే." మెకానిక్ బ్యాటరీ దగ్గర వైరు ఊడదీయసాగాడు. బండాయన గొంతు పెంచబోతుంటే, స్టూలు మీది బావ ముడుచుకుపోయిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అన్నాడు.

"ఆగండి బాబూ. మా కార్లోనూ పాట బాగానే వచ్చింది."