ఆవిరి పట్టిన మట్టి

"మట్టిని మక్కపిండి తమాల్ పొట్లాల్లా ఆవిరికి పెడతాడంట్రా ఎవడైనా?"

"చదువుకున్నోడు చెప్పాడు కదక్కా, మంచికేననుకున్నా."

"చదువుకున్నోడా! రెండేళ్లకే కాలేజీ వదిలేసొచ్చినోడు! నా డ్రమ్ము వాడికిచ్చింది నువ్వే కదరా? ఇక పండక్కి అందులో వండితే ఎవడు తింటాడు?"

నారుమడి చెక్కగోడకు ఇవతల నీళ్ల డబ్బాతో ఆగిపోయాడు ఎల్మెర్. తిడుతున్నది మేనత్త పాస్క్వాలా. తిట్లు తింటున్నది నాన్న లోరెన్సో. మట్టిని ఉడకబెట్టింది మాత్రం తనే.

టోటోనికపాన్ కొండల్లో అడవి ఊరందరిదీ. వానలు పడగానే ఇంటికొకరు వెళ్లి పైన్ మొక్కలు నాటాలి. పందొమ్మిదేళ్లుగా ఆ మొక్కలన్నీ పాస్క్వాలా చేతిలోనే పెరిగాయి. ఆమె ఏనాడూ కొలబద్ద పట్టలేదు. అరచేతి వెనకవైపుతో మడిని ఒకసారి దువ్వుతుంది. వంగి లేచిన మొక్క పనికొస్తుంది. వంగి పడుకున్నదాన్ని "దీనికింకా బుద్ధి రాలేదు" అని పక్కన పెడుతుంది. పోయిన మొగుడి రబ్బరు బూట్లు తొడుక్కుని, గొర్రెల పెంట జల్లిస్తూ రోజంతా మొక్కల్ని తిడుతుంది. మనుషుల మీదకు ఆమె కోపం రావడం తక్కువ.

కిందటేడు నారుకుళ్లు తగిలి సగం నారు పోయింది. ఈసారీ అంతే అయితే నారుమడి తీసేసి బంతాటకు చదును చేద్దామని ఊరి సభలో అనుకున్నారు. ఆ మాటకు ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. అది చూసే ఎల్మెర్ తెగించాడు. ఆమె కూతురి కాన్పుకని ఊరు దాటగానే, కలిపి ఉంచిన మట్టినంతా డ్రమ్ములో వేసి ఆవిరి పట్టి, అందులోనే విత్తనాలు వేశాడు. కుళ్లు రాలేదు. కానీ మొలకలు వేలెడంతకే ఆగిపోయి ఊదారంగుకు తిరిగాయి. కంగారుపడి పట్నం నుంచి ఎదుగుదల మందు తెచ్చి చివరి మడికి కొట్టాడు. మూడు వారాల్లో ఆ మడి రెట్టింపు లేచింది, దారప్పోగుల్లా సన్నగా, పాలిపోయి. ఈ పొద్దున తిరిగొచ్చిన అత్త చెయ్యి దువ్వితే పడుకున్నవి మళ్లీ లేవలేదు.

ఎల్మెర్ లోపలికి వెళ్లాడు. "చేసింది నేనత్తా. నాన్ననేం అనకు."

"గోడచాటున వింటున్నావా డాక్టరు గారూ? ఉడకబెడితే చచ్చేది తెగులొక్కటేనా? మట్టిలోని మంచోళ్లు కూడా చచ్చారు. గోనెసంచి తీసుకో, పద."

అడవిలో చారెడు మట్టి తీయాలన్నా కాపలావాళ్లు ఒప్పుకోవాలి. ఆమెను చూడగానే ఒకడు, "కొండంతా మోసుకుపోతావా పెద్దమ్మా?" అన్నాడు.

"నీ జీతమెంతో అంతే తీసుకుంటాలే."

ఊరివాళ్లు వంతులవారీగా చేసే ఆ కాపలాకు జీతమే లేదు. వాడు నవ్వి దారిచ్చాడు.

ముసలి పైన్ కింద ఎండాకులు తోసి ఆమె మట్టిగడ్డ విరిచింది. లోపల తెల్లటి బూజు పోగులు. "ఇవి వేళ్లకి చుట్టుకుంటేనే మొక్కకి తిండందేది. ఏటా కలుపుతాను. ఈసారి కూడా కలిపే పోయాను, నువ్వు వండేశావు." ఎల్మెర్‌కు వ్యవసాయ కాలేజీలో ఆ పాఠం ఉంది. అది చెప్పిన రోజు అతను తరగతిలో లేడు.

జానెడుకొక పిడికెడు చొప్పున మడులన్నిటికీ ఆ మట్టి వేసింది, చివరి మడికి తప్ప. ఎందుకని ఎల్మెర్ అడిగితే గోనెసంచి దులిపి మడిచింది. రెండు నెలలకు పిడికెడు పడిన ప్రతిచోటా ఒక పచ్చటి గుండ్రం కనిపించింది. జూన్‌కల్లా గుండ్రాలు ఒకదాన్నొకటి తాకి మడంతా పచ్చబడింది. దువ్విన మొక్క వంగి, లేచి నిలబడింది.

ఊరిపెద్దలు చూడటానికి ఆదివారం వస్తున్నారు. శనివారం మధ్యాహ్నం ఎల్మెర్ పార పట్టుకుని చివరి మడిలోకి దిగాడు.

"ఆగరా. ఏం చేస్తున్నావ్?"

"పీకేస్తానత్తా. రేపు వాళ్లకి పచ్చనివే కనబడాలి. నారుమడి నిలబడుతుంది."

"నిలబడుతుంది. వచ్చే ఏడు నేను మళ్లీ ఊరెళ్తే? ఇది కళ్లారా చూడకపోతే ఇంకో మంచోడు ఇంకో డ్రమ్ము ఎక్కిస్తాడు."

ఆమె పార లాక్కుని గోడకు ఆనించింది. బూటు మట్టి దులుపుకుని, అతని ముఖంలోకి చూసింది.

"రేపు వాళ్లొచ్చేసరికి ఈ మడి పక్కన నువ్వు నిలబడు. ఏం చేశావో నీ నోటితోనే చెప్పు. మీ నాన్న పేరెత్తకు, నా పేరెత్తకు. నా కోసం ఈ ఒక్కటీ చెయ్యరా."