వరండాలో ఇంగ్లీషు పాఠం

ఈమధ్య టీకొట్లలో ఇచ్చే పేపరు కప్పుల మీద నాకో ఫిర్యాదు ఉంది. దగ్గు మందు సీసా మూతకి అవి అన్నదమ్ములు. పట్టుకుంటే వేళ్లు కాలతాయి, ఊదుకుని తాగుదామనుకునే లోపు టీ అయిపోతుంది. అయితే వాటిలో ఒక సుగుణం లేకపోలేదు. తాగాక అందరి కప్పులూ ఒకే బుట్టలో పడతాయి.

ఆ రోజుల్లో ఇంత సదుపాయం ఉండేది కాదు. బి.ఏ. అయింది కాబట్టి ఇంగ్లీషు వచ్చేసిందన్న నమ్మకంతో నేను రోజూ సాయంత్రం పామర్రులో బస్సెక్కి, విజయవాడ వన్ టౌన్‌లో ఒక మిర్చి షావుకారు గారి అమ్మాయికి ట్యూషన్ చెప్పేవాణ్ణి. కింద గోడౌను, పైన ఇల్లు. ఆ ఘాటుకి గ్రామరంతా తుమ్ముతూనే చెప్పాను. (పిల్ల తుమ్మేది కాదు, పుట్టినప్పటి నుంచీ అలవాటు.) షావుకారు గారు ఒక స్కూలు కమిటీలో మెంబరు. "మా బుజ్జి ఈసారి ఇంగ్లీషులో గట్టెక్కితే మీకు మా స్కూల్లో టీచరు పోస్టు ఖాయం మాస్టారూ" అన్నారు. మా నాన్న ఆ 'గట్టెక్కితే' అన్న ముక్క వదిలేసి, మిగతాది చుట్టాలందరికీ చెప్పేశాడు. కాబట్టి నాలుగో తరగతి పిల్ల పరీక్ష మీద మా ఇంటి పరువు వేలాడుతూ ఉండేది.

మొదటి రోజు షావుకారు గారు కుర్చీ చూపించి, మర్యాదగానే అడిగారు.

"మీది పామర్రన్నారు. పామర్రులో ఎటువైపండీ?"

"చర్చి వెనకాలండీ."

"ఓహో" అన్నారాయన.

ఆ 'ఓహో' తర్వాత నా కుర్చీ హాల్లోంచి వరండాలోకి వచ్చింది. వరండా కిటికీలో నాకంటూ ఒక గాజు గ్లాసు కూడా వెలిసింది. లోపల అందరివీ స్టీలు గ్లాసులే. గాలి బాగా తగులుతుందని మా అమ్మకి వరండా గురించి గొప్పగా చెప్పాను. గ్లాసు గురించి చెప్పలేదు.

ఆ ఇంట్లో టైగర్ అనే పొమేరియన్ కుక్క ఉండేది. (పక్కింటి పిల్లి కనిపిస్తే మంచం కిందకి దూరే టైగర్.) సోఫా మీద దాని చోటు దానిదే. వంటింట్లో స్టీలు గిన్నెలో పాలు తాగి, మీసాలు నాక్కుంటూ వచ్చి, వరండా గుమ్మం లోపలే కూర్చుని నా పాఠం వినేది. గుమ్మానికి అవతల అది, ఇవతల నేను.

పరీక్షకి ముందురోజు సాయంత్రం 'పెట్' పాఠం దగ్గర బండి ఆగిపోయింది. పెట్ గురించి అయిదు వాక్యాలు రాయాలి. ప్రేమగా పెంచుకునే జంతువని పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

"మా తాతయ్యకి గేదెంటే చాలా ప్రేమ సార్. గేదె పెట్టేనా?"

"కాదమ్మా, అది డొమెస్టిక్."

"ఎందుకని?"

ఎందుకనో నాకూ తెలీదు. బి.ఏ.లో ఎవరూ చెప్పలేదు. చుట్టూ చూశాను. గుమ్మంలో టైగర్ కనిపించింది, సూత్రం తట్టింది.

"చూడు బుజ్జీ. బయటే ఉండి మనకి పని చేసేది డొమెస్టిక్. ఏ పనీ చెయ్యకపోయినా ఇంట్లోకి రానిచ్చి, మన గిన్నెలో పెట్టామనుకో, అది పెట్. ఎద్దు?"

"డొమెస్టిక్!"

"జట్కా గుర్రం?"

"డొమెస్టిక్!"

"టైగర్?"

"పెట్!"

"అబ్బ, ఇన్నాళ్లకి బుర్రకెక్కింది!" అంటూ బుజ్జి వాళ్లమ్మగారు లోపల్నుంచి వచ్చారు. ఆ సంతోషంలో టీలో పంచదార కూడా ఎక్కువే వేశారు. కిటికీలో ఉన్న నా గ్లాసులో పై నుంచి, తగలకుండా పోసి, "తాగి కడిగి అక్కడే పెట్టెయ్యండి మాస్టారూ" అన్నారు. తాగాను. వరండా చివర కుళాయి దగ్గర కడిగాను. బోర్లించి వచ్చేసరికి బుజ్జి పెన్సిలు కొరుకుతూ గ్లాసు వంకా, టైగర్ వంకా, నా వంకా చూస్తోంది. తర్వాత ఒక మాట అంది. అది తప్పని చెప్పాలంటే సూత్రమే తప్పని చెప్పాలి. తెల్లారితే పరీక్ష. నేను పేజీ తిప్పాను.

బుజ్జికి ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు వచ్చాయి. నాకు పోస్టు వచ్చింది. ఆ కాగితం కూడా వరండాలోనే అందుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఏటా ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. ప్రేమగా పెంచుకునేది అనేసి, ఎవరైనా చెయ్యెత్తే లోపు తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతాను. ఆ వరండా కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు కోపం రాదు, కాస్త నవ్వే వస్తుంది. పాపం, గ్లాసు మాత్రం అద్దంలా తోమేవాడు.

ఆ సాయంత్రం బుజ్జి వేళ్లు మడిచి మరీ లెక్క చెప్పింది.

"పని చేస్తారు. లోపలికి రారు. మా గిన్నెలో పెట్టం. అయితే సార్, మీరు డొమెస్టిక్."