పదమూడో పేరు

జంగ్‌సన్ బజారులో ఆలుగడ్డ అట్లు పోసే మాల్‌సూన్ కూతురు సోమికి లెక్కలంటే భయం లేదు, అలాగని ప్రేమా లేదు. ఆమెకు కావలసింది వోన్‌జూలో నర్సింగ్ సీటు. అందుకు గ్రేడుల సగటు నాలుగు దాటకూడదు; ఒకటి అన్నిటికన్నా మేలు, తొమ్మిది ఆఖరు. అందుకే హైస్కూలు రెండో ఏడాదిలో ఏ లెక్కలు కావాలో రాసివ్వమన్నప్పుడు, స్కూల్లో ఎక్కువమంది ఆడపిల్లల్లాగే స్టాటిస్టిక్స్‌కు టిక్కు పెట్టింది.

కాల్క్యులస్‌కు పన్నెండు మందే తేలారు. చిక్కంతా అక్కడే వచ్చింది. గ్రేడులు తోటివాళ్లతో పోల్చి ఇస్తారు. నూటికి నలుగురికే ఒకటో గ్రేడు. ఆ లెక్కన పన్నెండు మందికి అర మనిషి కూడా రాదు, అరకు తక్కువైతే సున్నా. పదమూడో మనిషి చేరితే అర దాటుతుంది, దాన్ని పూర్తి మనిషిగా లెక్కేస్తారు. డాక్టరు కావాలనుకునే పిల్ల ఎంత చదివినా, ఆఖరున కూర్చునే పిల్ల దొరికితేగాని ఆమెకు ఒకటో గ్రేడు లేదు.

మర్నాడు భోజనాల దగ్గర, ఆ డాక్టరు కావాలనుకునే పిల్ల, స్కూలుకంతా మొదటిదైన నామ్‌గుంగ్ రిన్ వచ్చి సోమి పక్కన కూర్చుంది. ఏడాదిలో ఒక్కసారీ పలకరించని పిల్ల, తన పళ్లెంలోని కోడిముక్క తీసి సోమి పళ్లెంలో వేసింది.

“కాల్క్యులస్‌కి వచ్చెయ్యవే సోమీ. నేను దగ్గరుండి చెప్తాగా.”

“నాకెందుకే తల్లీ? నేను రోగులకి సూదులు గుచ్చేదాన్ని.”

“ఆ మందు ఒంట్లోకి ఎంత వేగంగా ఎక్కుతుందో చెప్పేది అదేనే!”

సాయంత్రం లెక్కల మాస్టారు ప్యో సార్ స్టాఫ్‌రూమ్‌కు పిలిచి బార్లీ టీ పోసిచ్చారు.

“నీలో మంచి ఓర్పుందమ్మాయ్. అది లోతైన చదువు.”

మార్కులు రాని పిల్లల్లో ఓర్పు కనిపెట్టడం ఆయనకు అలవాటే.

“నాకు తొమ్మిదో గ్రేడొస్తే సార్?”

“ఛ ఛ, అలా అనుకోకూడదు. ఎవరో ఒకరికి రావాలి, తప్పదు.”

సోమి కాదనేసేదే. ఈలోగా సార్ తల్లికి ఫోన్ చేశారు. మాల్‌సూన్ ఉబ్బితబ్బిబ్బైపోయింది. “మా పిల్లని తెలివైనవాళ్ల క్లాసుకి పిలిచారండీ!” అని బజారంతా చాటి, ఆ పూట వచ్చినవాళ్లందరికీ అట్లు ఊరికే పెట్టింది. ఎందుకు పిలిచారో చెప్పడానికి సోమికి నోరు రాలేదు. ఫారంలో టిక్కు మార్చేసింది.

ఆ ఏడాది సోమికి రాచమర్యాదలే. తుమ్మితే అల్లం టీ వచ్చేది. మానేస్తానంటే పన్నెండు మొహాలూ పాలిపోయేవి. రిన్ అన్నమాట ప్రకారం దగ్గరుండి చెప్పింది, అదీ మానెయ్యకుండా ఉండేంత వరకే. పరీక్షలో సోమికి ముప్ఫై ఒకటి వచ్చాయి, ఆమెకు పైనున్న పిల్లకు యాభై ఎనిమిది. రిన్‌కు ఒకటో గ్రేడు, సోమికి తొమ్మిదో గ్రేడు వచ్చాయి.

మూడో ఏడాది చలికాలంలో రిన్‌కు మెడికల్ సీటు వచ్చింది. వోన్‌జూ నర్సింగ్ జాబితాలో సోమి పేరు లేదు. సగటు నాలుగూ పాయింట్ ఒకటి. స్టాటిస్టిక్స్‌లో ఐదో గ్రేడు వచ్చినా సరిపోయేదని సోమి కాగితం మీద వేసి చూసుకుంది. ఆ లెక్కకు కాల్క్యులస్ అక్కర్లేదు. 

ఆ వారమే రిన్ పేరుతో స్కూలు వాళ్లు బజారు మొగలో పెద్ద బ్యానర్ కట్టారు. మాల్‌సూన్ అట్లకాడతో అటు చూపిస్తూ కొనడానికి వచ్చినవాళ్లతో, “మా సోమీ ఆ క్లాసేనండీ,” అంది.

“నేను లేకపోతే ఆ బ్యానరే లేదమ్మా,” అంది సోమి.

తల్లి మురిసిపోయింది. “అబ్బో! మరి దానిమీద నీ పేరేదే?”

“పేరు పైనున్నవాళ్లదే రాస్తారమ్మా. నన్ను పిలిచింది కింద ఉండటానికి.”

మాల్‌సూన్ అట్లకాడ దించింది. పెనం మీద అట్టు మాడుతున్నా తిప్పలేదు.