ఎస్తేరు మేడం పడిపోలేదు

వాన వెలిసిన పొద్దున ఉతై ఊరికి పోయే రోడ్డు మీద సన్నటి సైకిల్ టైరు చేసే చప్పుడే వేరు. కొత్త గుడ్డను ఆగకుండా చింపుతున్నట్టు ఉంటుంది. వెనక చక్రం నీళ్ళు చిమ్మి వీపంతా తడుపుతుంది. మొన్న ఆదివారం ఆ చప్పుడు వింటూ వెళ్ళి, దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగాను. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన నా సైకిల్‌ని, దాని వంపు హ్యాండిల్‌ని కాసేపు చూసి హిందీలో అన్నాడు: "బేటీ, జాగ్రత్త. ఇలాంటి సైకిల్ మీదే ఒక ఎక్స్-రే మేడం ఈ రోడ్డు మీద పడి చచ్చిపోయింది." ఆవిడ ఇక్కడ చచ్చిపోలేదని చెప్పాను. "అందరూ అదే అంటారు కదా" అన్నాడు. ఆయన మనసులో చెడు లేదు. నాకు మాత్రం చేతిలో టీ చల్లారిపోయినా తాగబుద్ధి కాలేదు. అందరూ అంటారు. మా ఖుర్సీపార్ పేటలో అంటారు, ఆసుపత్రి క్యాంటీన్‌లో అంటారు, చర్చి మెట్ల మీద అంటారు. సైకిల్ కావాలని అడిగిన ఆడపిల్లను ఊరుకోబెట్టడానికి ఈ ఊళ్ళో ఇప్పుడు ఆవిడ పేరే వాడుతున్నారు. ఆవిడను ఎరగని వాళ్ళకు ఆవిడ ఎవరో, ఎలా పోయిందో ఒకసారి సాంతం చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఎస్తేరు రాణి మేడం నా మొదటి బాస్. డిప్లొమా పట్టుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎక్స్-రే విభాగంలో చేరేనాటికి ఆవిడ అక్కడ ఇన్‌ఛార్జి. వాళ్ళ నాన్న, ఇక్కడి ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో కాకినాడ దగ్గర్నుంచి వచ్చి క్యాంప్ 1 బస్తీలో స్థిరపడ్డారట. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక ఆ ఇరుకు సందు ఇంట్లో ఆవిడ, ఒక పిల్లి, వసారా గోడకు వేలాడే లావు టైర్ల మౌంటెన్ బైక్. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక కుర్ర డాక్టరు వదిలేసిన బండి అది. "తుప్పు పట్టిపోతుందని ఒకసారి ఎక్కాను, ఇక దిగలేదు" అనేవారు. అప్పటికి ఆవిడకు నలభై దాటింది.

నేను చేరిన కొత్తలో ఒకరోజు, "ఆదివారం ఏం చేస్తుంటావు సుజా?" అని అడిగారు.

"ఏటీ చెయ్యను మేడం. పడుకుంటాను."

"ఏటీ చెయ్యకపోతే నాతో రా."

ఆ ఆదివారం నాకొక అరువు సైకిల్ ఇప్పించి, నందిని ఊరి వైపు వదిలేసిన సున్నపురాయి గనుల దగ్గరికి తీసుకెళ్ళారు. ఒక సైక్లింగ్ గ్రూపు అక్కడ రాళ్ళ దారుల్లో తొక్కేది. ఆవిడ తప్ప అందరూ మగవాళ్ళే. గ్రూపు నడిపేది భాస్కర్ భయ్యా, మా ఖుర్సీపార్ వాడే. మోకాళ్ళు చీరుకుని, ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో ఇంటికొస్తే మా అమ్మ గుమ్మంలోనే అడ్డుపడింది. "ఆడపిల్లవి, ఆ గోతుల్లో నీకేటి పనే? మీ మేడంకైతే ఇంట్లో అడిగేవోళ్ళు లేరు." అయినా మరుసటి ఆదివారం కూడా వెళ్ళాను.

కొన్నేళ్ళు అలా రాళ్ళ మీదే గడిచాయి. ఒకసారి రాయ్‌పూర్ నుంచి వచ్చిన అతిథి ఒకతను సన్న టైర్లు, వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ బైక్ తెచ్చుకున్నాడు. తిరుగు దారిలో తారు రోడ్డు రాగానే మేడం అతన్ని అడిగి బళ్ళు మార్చుకున్నారు. క్షణంలో మాకు కనిపించకుండా పోయారు. మేం చేరేసరికి ఒక కల్వర్టు మీద కూర్చుని ఒంటరిగా నవ్వుకుంటున్నారు. "సుజా, ఎక్కి చూడు. తొక్కినదంతా రోడ్డుకే పోతోంది. మన బండ్లో సగం బలం ఆ స్ప్రింగులూ లావు టైర్లూ తినేస్తున్నాయి" అన్నారు. నేనూ ఎక్కాను. మొదట భయమేసింది. చెప్పుల్లేకుండా పరుగెత్తినట్టు, ప్రతి గరుకూ అరచేతిలోకి వచ్చేది. కాస్త దూరం పోయాక భయం మర్చిపోయి నేను కూడా నవ్వడం మొదలుపెట్టాను.

మేడం అలాంటి బండి కొంటాననడం భాస్కర్ భయ్యాకు నచ్చలేదు. "క్యా మేడం, రాళ్ళంటే భయం పుట్టిందేటి? ముసలితనమా?"

"రాళ్ళ మీద ఇన్నాళ్ళూ కిందికే చూసి తొక్కాను భాస్కర్. కాస్త తలెత్తి తొక్కాలని ఉంది."

"రోడ్డు మీద పాలవాళ్ళు కూడా తొక్కుతారు."

"నాకంటే బాగానే తొక్కుతారు" అన్నారు మేడం.

అయినా బండి కొనడానికి నాతో పాటు అతన్నీ వెంటబెట్టుకున్నారు, రాయ్‌పూర్‌లో దుకాణం అతనికి తెలుసని. అక్కడ జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. సేల్స్‌మన్ మేడంతో మాట్లాడనే లేదు. భాస్కర్ భయ్యా ముఖం చూస్తూ, "మేడం కోసం ముందు బుట్ట ఉన్నది చూపించనా? ఆ వంపు హ్యాండిల్ మీద వంగితే లేడీస్‌కి నడుం పోతుంది" అన్నాడు. భయ్యా తల ఊపాడు. మేడం వాళ్ళిద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డారు. "నడుం నాది. నన్ను అడగండి." తరువాత వరసగా ఎక్కి చూశారు. అన్నీ పొడుగు మగవాళ్ళ కొలతలు. చేతులు సాచితే తప్ప హ్యాండిల్ అందదు. సీటు ముందుకు జరిపితే సరిపోతుందన్నాడు సేల్స్‌మన్. "చొక్కా పెద్దదైతే చెయ్యి పొడుగు చేసుకుంటామా? చిన్న ఫ్రేమ్ తెప్పించండి. టైర్లు మరీ సన్నవి వద్దు, మా ఊరి రోడ్డు మీద లారీల్లోంచి కంకర రాలుతుంది" అన్నారు. తెప్పించడం కుదరదన్నాడు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు. యజమాని వచ్చి ఆర్డరు తీసుకునేదాకా లేవలేదు.

ముదురాకుపచ్చ బండి వచ్చింది. కొన్నాళ్ళకు నేనూ ఒక పాత రోడ్ బైక్ సంపాదించాను. ఆ తరువాతి రోజులు ఎంత బాగుండేవో చెప్పకపోతే ఈ కథ ఊరివాళ్ళు చెప్పే కథలాగే అయిపోతుంది. ప్లాంటు టౌన్‌షిప్‌లో సెక్టార్ల మధ్య వెడల్పాటి రోడ్లు, రెండు వైపులా చెట్లు, మొదటి షిఫ్టుకు వెళ్ళేవాళ్ళ స్కూటర్లు, దూరంగా ప్లాంటు పొగ. రాళ్ళ మీద నేర్చిన విద్య ఆవిడ ఒంట్లోంచి పోలేదు. స్పీడ్ బ్రేకర్ రాగానే రెండు చక్రాలూ లేపి ఎగిరేవారు. మలుపుల్లో ముందుకు చాలా దూరం చూసేవారు. గోతులుంటే సీటు మీంచి లేచి మోకాళ్ళు వదులు చేసేవారు. "రాళ్ళ దారి నేర్పింది కాబట్టే ఈ రోడ్డు ఇంత సుఖంగా ఉంది" అనేవారు. ఆదివారం ఎండ ముదరకముందే ఇల్లు చేరి, చీర కట్టుకుని చర్చికి వెళ్ళేవారు. మెట్లెక్కుతూ కుచ్చిళ్ళు ఎత్తితే పిక్క మీద గొలుసు నూనె మరక కనిపించేది. నేను సైగ చేస్తే, "దేవుడు చూశాడులే" అని గుసగుసగా అనేవారు.

ఇక ఆ రోజు. ఉతై నుంచి తిరిగి వస్తున్నాం. మేడం ముందు, నేను కొంచెం వెనక. ఆవిడ రోడ్డు అంచున, తెల్లగీతను ఆనుకుని పోతున్నారు. ఒక కారు నన్ను రాసుకున్నంత దగ్గరగా దాటి, హారన్ కొడుతూనే వెళ్ళి, సైడ్ అద్దంతో ఆవిడ మోచేతిని కొట్టింది. బండి కంకరలోకి జారింది. కారు ఆగింది. దిగినవాడు సాయానికి వస్తున్నాడనుకున్నాను. వాడు వచ్చి నేల మీదున్న మనిషిని చూసి అరిచాడు. "దిఖ్తా నహీ క్యా, కళ్ళు కనబడవా? ఈ వయసులో ఇంట్లో కూర్చోకుండా రోడ్డెందుకు?" వాడి అద్దం పగిలిందట!

ఆసుపత్రిలో ఆవిడ ఎక్స్-రే నేనే తీశాను. పళ్ళు బిగించి కూడా ఆవిడ, "ట్యూబు కొంచెం పైకి వంచు. లేకపోతే పక్కటెముకలు అడ్డొస్తాయి" అని చెబుతున్నారు. కాలర్ బోన్ విరిగింది. ఫిల్మ్ చూసిన ఎముకల డాక్టరు మొదటి మాట, "మేడం, మీకెందుకండీ ఇవన్నీ?" స్టేషన్‌లో కానిస్టేబుల్ ఇంకా మర్యాదగా, "సైకిల్ అదుపు తప్పి పడిపోయారని రాసుకుందాం, దీదీ. అందరికీ సులువు" అన్నాడు.

మేడం చెయ్యి మెడకు కట్టుకుని ఉంది. లేచి నిలబడ్డారు. "నేను పడిపోలేదు. నన్ను పడేశారు. రాస్తే అది రాయండి."

పోలీసులు కారువాణ్ణి పిలిపించారు. వాడు ఎవరినో పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చి, "సారీ ఆంటీ, కానీ మీరు కూడా..." అని మొదలుపెట్టాడు. "ఆ 'కానీ' వెనక్కి తీసుకో, సారీ అప్పుడు తీసుకుంటాను" అన్నారు మేడం. వాడు తీసుకోలేదు. ఎముక అతికింది. ఆవిడ మళ్ళీ బండెక్కారు. ఒకటి కాదు, రెండు చలికాలాలు ఉతై దాటి, ఇంకా దూరం, నాకు ఊపిరి ఆడనంత వేగంగా తొక్కారు. టీ కొట్టు పెద్దాయనకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత ఆవిడకు నడుం పైన నొప్పి మొదలైంది. మా దగ్గరే ఒక పెద్ద డాక్టరుకు చూపించుకున్నారు. ఆయన పడుకోమని కూడా అనలేదు, పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు. "ముందు ఆ సైకిల్ దిగండి. అంత వంగి తొక్కితే నొప్పి రాదా?" అన్నారు. స్కాన్ తీయిద్దామా అని మేడం అడిగితే నవ్వారు. మేడం బండి దిగారు. ఎండాకాలమంతా ఆ ఆకుపచ్చ బండి గోడకే ఉంది. నొప్పి తగ్గలేదు, ఒళ్ళు తగ్గింది. తిండి సయించలేదు. చూడవచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట: సైకిల్ చేసిన పని. చివరికి వేరే డాక్టరుతో రాయించుకొచ్చి, "సుజా, నువ్వే తియ్యి" అని సీటీ స్కాన్ బల్ల మీద పడుకున్నారు. నేను అద్దం ఇవతల్నుంచి, "ఊపిరి బిగపట్టండి" అన్నాను. బొమ్మలు ఒక్కొక్కటే తెర మీదికొచ్చాయి. క్లోమం దగ్గర గడ్డ, కాలేయం నిండా మచ్చలు. ఆవిడ దిగొచ్చి నా వెనక నిలబడి తెర మీద బొమ్మలన్నీ తనే చూసుకున్నారు. ఏడవలేదు. "అనవసరంగా దిగాను సుజా. ఎండాకాలం మొత్తం పోయింది" అన్నారు.

ముందే చూసి ఉంటే బతికేవారో లేదో నాకు తెలియదు. ఆ జబ్బు అలాంటిది. కానీ చూడలేదు. సైకిల్ తొక్కే ఆడమనిషికి నొప్పి వస్తే కారణం వెతకక్కర్లేదని చదువుకున్నవాళ్ళు కూడా అనుకున్నారు. ఆ జబ్బుతోనే ఆవిడ పోయారు. సైకిల్ దిగమన్న ఆ డాక్టరు గారు సమాధి దగ్గరికి వచ్చారు, పూలు పెట్టారు. పక్కనున్నవాళ్ళతో భాస్కర్ భయ్యా, "రోడ్ బైక్ వద్దని నేను మొదటే చెప్పాను" అంటున్నాడు. డాక్టరు గారు తల ఊపారు. కేన్సర్ అనే మాట ఆ రోజు నేను తప్ప ఎవరూ అన్నట్టు గుర్తులేదు.

కొన్నాళ్ళకు గ్రూపు ఆవిడ పేరు మీద ఒక రైడ్ పెట్టింది. వెళ్ళాను. రెండు వెదురు గడల మధ్య బ్యానర్ కట్టి ఉంది. ఆవిడ ఫోటో, కింద హిందీలో "రోడ్డు ప్రమాదంలో అసువులు బాసిన మా సోదరికి నివాళి."

"ఇది అబద్ధం భయ్యా. తీసెయ్యి."

"ఇప్పుడేటి సుజాతా, ప్రింటయిపోయింది. పోయినావిడ పోయింది. ఎలా పోతే ఏటి? పిల్లలు జాగ్రత్త పడతారు కదా."

"పిల్లలు జాగ్రత్త పడాలంటే కారువాడి పేరు రాయి. నొప్పంటే నవ్విన డాక్టరు పేరు రాయి. ఆవిణ్ణి ఏటి చేశారో రాయి. తప్పంతా ఆవిడ సైకిల్ మీద రాస్తావేటి?"

నేనంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. భయ్యా గొణుక్కుంటూ వెళ్ళి, బ్యానర్ అడుగు భాగం లోపలికి మడతపెట్టి కట్టాడు. ఉపన్యాసాలు జరిగినంతసేపూ గాలికి ఆ మడత విప్పుకుని అబద్ధం బయటికొస్తూనే ఉంది. నేను మధ్యలోనే లేచి వచ్చేశాను. మా ఆసుపత్రి ల్యాబులో పనిచేసే ఇద్దరమ్మాయిలు తమ లావు టైర్ల బళ్ళ మీద నా వెనకే వచ్చారు.

ఒక్క సంగతి మిగిలింది. జబ్బు బయటపడ్డాక, మందులకు ముందు కొన్ని వారాలు ఆవిడ మళ్ళీ రోడ్డెక్కారు. బలం లేదు, నెమ్మదిగా తొక్కేవారు. నేను అలవాటు ప్రకారం అంచుకు ఒదిగి పోతుంటే పిలిచారు. "అక్కడ ఉండకు. అంచున పోతే పక్కనుంచి దూరిపోవచ్చు అనుకుంటారు. ఆ రోజు నేను అంచునే ఉన్నాను, చూశావుగా. ఇక్కడికి రా, రోడ్డు లోపలికి. కనిపించేలా ఉండు. దాటాలంటే వాళ్ళే పక్కకు తప్పుకుని దాటుతారు." హారన్ కొడతారు మేడం, అన్నాను. ఆవిడ ఆయాసపడుతూనే నవ్వారు.

ఆ రోజు నుంచి నేను అంచున తొక్కలేదు. నాకు దక్కవలసిన చోట, రోడ్డు మీద, తలెత్తి తొక్కుతాను. ఆ ఇద్దరమ్మాయిలకూ అదే చెప్పాను. వాళ్ళిప్పుడు సన్నటి టైర్ల బళ్ళు కొనుక్కున్నారు. వెనక హారన్ మోగుతూనే ఉంటుంది. మోగనీ.